ముందు బుల్లెట్ తేల్చుకోండి, రైఫిల్ తర్వాత

పోయిన నెల అడవి పందుల గురించి ఒకరికి జవాబు రాశాను కదా, దాని మీద చాలా ఉత్తరాలొచ్చాయి, ఎక్కువ అమెరికాలోని టెక్సస్ నుంచే. ఊరవతల పది ఇరవై ఎకరాలు కొనుక్కున్న మన తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు, పందులు వచ్చి నేలంతా దున్నేసి పోతుంటే ఏం చెయ్యాలో తెలీక రైఫిల్ కొందామనుకుంటున్నారు. ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నా. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేశాం.

ప్రశ్న: అన్నగారూ నమస్తే. మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి రెడ్ రివర్ వైపు 40 ఎకరాలు కొన్నాం. పందులు రాత్రికి రాత్రి ఎకరం తవ్వేస్తున్నాయి. షాపుకెళ్తే ఏఆర్-15 ఒకటి, .308 సైజు రౌండ్ వాడే ఏఆర్-10 ఒకటి, చెక్క స్టాక్ (భుజానికి ఆనించే భాగం) ఉన్న మినీ-14 ఒకటి చూపించారు. సెమీ ఆటోమేటిక్ తీసుకోండి పని అయిపోద్ది అన్నారు. ఏది తీసుకోవాలి? నేను సిటిజన్‌నే. ఇంతకుముందు గన్ పట్టుకోలేదు. - ఫ్రిస్కో

జవాబు: మూడూ మంచి రైఫిళ్లే. కాని షాపులో మిమ్మల్ని మొట్టమొదట అడగాల్సిన మాట అడిగినట్టు లేదు, ఎంత దూరం నుంచి కొడతారు అని. మీ పొలంలో ఫీడర్ (పందులకి మేత చల్లే డబ్బా) పెట్టి 80 గజాల్లో మంచె మీద కూర్చుంటారా, లేక ఈ గట్టు మీంచి ఆ గట్టు దాకా 250 గజాలు చూస్తారా? అది తేలితే ఏ బుల్లెట్ కావాలో తేలుద్ది, బుల్లెట్ తేలితే రైఫిల్ దానంతటదే తేలుద్ది. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు, ముందు రైఫిల్ కొని, తర్వాత చవగ్గా దొరికిన పెట్టె కొని, పంది దెబ్బ తిని పొదల్లోకి పోయి రెండు రోజులు నరకం పడి చచ్చాక, గన్ మంచిది కాదు అంటారు. నాకు ఈ విషయంలో చాలా బాధుంది, అందుకే పదే పదే రాస్తున్నా.

సెమీ ఆటోమేటిక్ అంటే ఏంటో ముందు చెప్తా, చాలామంది మెషిన్ గన్ అనుకుంటారు. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే రౌండ్ (తూటా) పోద్ది. మీరు చూసిన మూడింటిలో, పేలినప్పుడు పుట్టిన గ్యాస్ కొంత బ్యారెల్లో ఉన్న చిన్న రంధ్రంలోంచి వెనక్కొచ్చి బోల్ట్‌ని (రౌండ్ వెనక మూసి ఉండే ఇనప ముక్క) తోస్తుంది, ఖాళీ ఇత్తడి కేసు బయటికి ఎగిరిపడుద్ది, స్ప్రింగ్ బోల్ట్‌ని ముందుకు నెట్టి ఇంకో రౌండ్ ఎక్కిస్తుంది. మళ్లీ పేలాలంటే ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కాలి. ఏఆర్-15లో ఏఆర్ అంటే ఆర్మలైట్, ఆ డిజైన్ మొదట చేసిన కంపెనీ పేరు, అసాల్ట్ రైఫిల్ అని కాదు.

దీని వల్ల మీకొచ్చే లాభం రెండు. ఆ గ్యాస్ సిస్టమ్ రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బలో కొంత తినేస్తుంది కాబట్టి భుజానికి మెత్తగా తగుల్తుంది. రెండోది, చెయ్యి కదపకుండా, స్కోప్‌లోంచి కన్ను తియ్యకుండా రెండో గురి చూసుకోవచ్చు. పందులు ఎక్కువగా మందగానే వస్తాయి, ఒకటి పడగానే మిగతావి చెదిరిపోతాయి, కాబట్టి పందులకి సెమీ ఆటోమేటిక్ పనికొస్తుందన్న మాట నిజమే. జింకకైతే నేను మీకు బోల్ట్ యాక్షనే (ప్రతి రౌండుకీ చేత్తో బోల్ట్ లాగే రైఫిల్) చెప్పేవాణ్ణి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, మొదటి దెబ్బ సరిగ్గా పడనోడికి రెండో దెబ్బ త్వరగా కొట్టే సౌకర్యం వల్ల ఒరిగేదేం లేదు.

ఇక మీ మూడింటి సంగతి. 100, 150 గజాల్లోపు అయితే .223లో (ఇంచుమించు బుల్లెట్ అడ్డుకొలత, అంగుళాల్లో, దాన్నే రౌండ్ పేరుగా వాడతారు) ఏఆర్-15 సరిపోద్ది, కాకపోతే వేటకి చేసిన బుల్లెట్ వాడితేనే. స్కోప్ లేకుండా ఆరున్నర ఏడు పౌన్లుంటుంది, మీలా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాంతో త్వరగా నేర్చుకుంటారు, పార్ట్‌లు, రౌండ్లు నింపే మ్యాగజైన్‌లు ఎక్కడైనా దొరుకుతాయి. మినీ-14 కూడా అదే .223, రూగర్ వాళ్లు 1970ల నుంచి చేస్తున్నారు, చూడ్డానికి పాతకాలం పొలం తుపాకీలా ఉంటుంది, గట్టిది, కాని మ్యాగజైన్‌లు ఖరీదు, స్కోప్ బిగించడంలో ఏఆర్‌కి ఉన్నంత వెసులుబాటు ఉండదు. .308 ఏఆర్-10 అయితే పెద్ద మగ పందికి ఏ కోణంలోనైనా చాలినంత శక్తి, 250 గజాలైనా దిగులు లేదు, కాని స్కోప్‌తో కలిపి తొమ్మిది పది పౌన్లు, రౌండ్లు ఖరీదు, కొత్తవాళ్లు ఆ దెబ్బకి భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగడం నేను రేంజిలో (గన్ ప్రాక్టీస్ చేసే చోటు) ఎన్నోసార్లు చూశా. అలా ఒకసారి అలవాటైతే వదిలించుకోవడానికి నెలలు పడుద్ది.

నన్నడిగితే మీరు వీటిలో ఏదీ ముందు కొనొద్దు. .22లో రూగర్ 10/22 ఒకటి తీసుకోండి, 1964 నుంచి ఉంది, అదీ సెమీ ఆటోమేటిక్కే, చవక, చప్పుడు తక్కువ, దెబ్బ అసలు తెలీదు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యండి, రెండు నెలలు దాంతో కాగితం మీద కొట్టండి. (.22తో పందిని మాత్రం కొట్టకండి, చస్తుందన్న నమ్మకం లేదు. జింకకైతే టెక్సస్‌లో .22 లాంటి రిమ్‌ఫైర్, అంటే కేసు అంచు మీద పిన్ను కొడితే పేలే రౌండ్, ఎలాగూ చట్టం ఒప్పుకోదు.) ఆ తర్వాత ఏఆర్-15 కొనుక్కోండి.

ఇంకోటి, మీది 40 ఎకరాలు నలుగురిదీ. పక్కోళ్ల హద్దు దాటి బుల్లెట్ పోతే టెక్సస్‌లో అది నేరం, వాళ్లు రాసిచ్చిన అనుమతి ఉంటే తప్ప. .22 చిన్న బుల్లెట్టే మైలున్నర దాకా పోగలదు. కాబట్టి మంచె ఎత్తుగా కట్టండి, బుల్లెట్ కిందికి పోయి మట్టిలో దిగాలి. పంది వెనకాల మట్టి గట్టు కనపడకపోతే, ఎంత పెద్ద పంది అయినా ఆరోజుకి వదిలెయ్యండి.

ప్రశ్న: సర్, బుల్లెట్ పెట్టె మీద 55 గ్రెయిన్, ఎఫ్‌ఎంజే, 3240 ఎఫ్‌పీఎస్ అని ఉంది. వీటికి అర్థం ఏంటి? స్పీడ్ ఎక్కువుంటే పవర్ ఎక్కువ అనుకోవచ్చా? - ఆస్టిన్

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం, పెట్టె చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

గ్రెయిన్ అంటే బరువు. పౌనులో 7000వ వంతు. వెనకటికి యవ గింజ బరువు నుంచి వచ్చింది, మన దగ్గర కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టే. 55 గ్రెయిన్ అంటే మూడున్నర గ్రాములు, అంటే ఓ ముప్పై గురివిందల ఎత్తు. ఇది ఎగిరే బుల్లెట్ బరువు మాత్రమే, లోపల ఉన్న పౌడర్ బరువు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రౌండ్ అంటే కేసు, ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ల), పౌడర్, బుల్లెట్ అన్నీ కలిపి, బుల్లెట్ అంటే కొసన ఉండి ఎగిరిపోయే ముక్క.

3240 అంటే సెకనుకి అన్ని అడుగులు, బ్యారెల్ మూతి దగ్గర. కాని ఆ నంబర్ కంపెనీవాళ్లు సాధారణంగా 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్లో కొలిచింది. మీ ఏఆర్-15 బ్యారెల్ 16 అంగుళాలుంటుంది, పౌడర్‌కి తోసే టైము తక్కువ, అందుకని మీ చేతిలో అది 3000 దగ్గర ఉంటుంది. మా స్నేహితుడి క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే యంత్రం) పెట్టి ఒకసారి నా రైఫిల్‌తో పది రౌండ్లు కొలిచా, పెట్టె మీద నంబర్ ఒక్కదానికీ రాలేదు, అన్నీ రెండొందలు పైనే తక్కువ.

శక్తి లెక్క కావాలంటే వేగాన్ని వేగంతో గుణించి, బరువుతో గుణించి, 450240తో భాగిస్తే ఫుట్ పౌండ్లు వస్తాయి. పెట్టె మీద నంబర్లతోనే వేస్తే .22కి 40 గ్రెయిన్, 1200 వేగం, దాదాపు 128. .223కి 55 గ్రెయిన్, 3240, దాదాపు 1280. .308కి 150 గ్రెయిన్, 2820, దాదాపు 2650. చూశారా, .308 వేగం .223 కంటే తక్కువే, బరువు మూడింతలకి దగ్గర, శక్తి రెట్టింపు దాటింది. అలాగని స్పీడ్ అనవసరం అని కాదు, లెక్కలో వేగం రెండుసార్లు వస్తుంది.

కాని శక్తి కంటే నాకు ముఖ్యం ఆ బుల్లెట్ తగిలాక ఏమవుద్ది అన్నది. ఎఫ్‌ఎంజే అంటే ఫుల్ మెటల్ జాకెట్, సీసం చుట్టూ రాగి తొడుగు ముక్కు దాకా మూసేసి ఉంటుంది. ప్రాక్టీస్‌కి చేసింది, చవక. పందిలో అది కొన్నిసార్లు సూదిలా దూరి అటువైపు పోద్ది, కొన్నిసార్లు లోపల తిరగబడుద్ది, ఎప్పుడేం చేస్తుందో నమ్మకం లేదు, రాయికి తగిలితే ఎటో ఎగిరిపోద్ది. వేటకి సాఫ్ట్ పాయింట్ కావాలి, ముక్కు దగ్గర సీసం బయటికి కనపడుతుంది, తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని వెడల్పైద్ది. పంది భుజం మీద, ముఖ్యంగా మగదానికి, మందపాటి తోలు కవచం లాంటిది ఉంటుంది, అందుకని జాకెట్‌కి సీసం అతికించి చేసిన బాండెడ్ రకమో, మొత్తం రాగితో చేసిన రకమో ఇంకా మంచిది, ముక్కలవకుండా లోపలి దాకా పోద్ది. పల్చటి ముక్కుతో కాయోటీల (నక్కలాంటి జంతువు) కోసం చేసే వార్మింట్ బుల్లెట్లు ఉంటాయి, ప్లాస్టిక్ కొసతో చాలా అందంగా కూడా ఉంటాయి, అవి భుజం మీదే పగిలిపోతాయి, పందికి వద్దు.

ఒక పందిని కోసినప్పుడు దాని అటువైపు తోలు కింద బుల్లెట్ దొరికింది నాకు, చిటికెన వేలి గోరంత. 62 గ్రెయిన్ బాండెడ్. కడిగి చూస్తే వెనక సగం అట్లాగే గొట్టంలా ఉంది, ముందు సగం నాలుగు రేకులుగా వెనక్కి తిరిగి బంతిపువ్వు మొగ్గలా విచ్చుకుంది, సీసం ఎక్కడా ఊడలేదు. ఆ పంది నిలబడిన చోటే పడింది. నా దగ్గర కొత్తగా నేర్చుకునేవాళ్లందరికీ అదే చేతిలో పెట్టి చూపిస్తా, ఎందుకంటే పెట్టె మీద ఎంత చదివినా అర్థంకానిది అది చూస్తే ఒక్క క్షణంలో అర్థమైద్ది.

ఆ విచ్చుకోవడానికి వేగం కావాలి. మామూలు సాఫ్ట్ పాయింట్ చాలావాటికి తగిలే చోట 1800, 2000 అన్నా ఉండాలి, లేకపోతే అదీ ఎఫ్‌ఎంజే లాగే దూరిపోద్ది. మీ 16 అంగుళాల బ్యారెల్లోంచి 55 గ్రెయిన్ సాఫ్ట్ పాయింట్ 3000తో బయల్దేరితే 100 గజాల్లో ఇంచుమించు 2550, 200లో 2150, 300 గజాలకి వచ్చేసరికి 1800. అంటే 300 గజాల దగ్గర మీరు గురి తప్పకపోయినా బుల్లెట్ తన పని చేస్తుందన్న నమ్మకం పోయింది. అందుకే ఎంత దూరం అని అడిగేది.

ప్రశ్న: అన్నా, మా దోస్తు 5.56 డబ్బా తెచ్చిండు. నా రైఫిల్ బ్యారెల్ మీద .223 అని ఉన్నది. రెండూ ఒకటే కొట్టెయ్ అంటున్నడు. ఇంకో దోస్తు దగ్గర .300 బ్లాకౌట్ ఉన్నది, మ్యాగజైన్ కూడా నాదే పడతది. ఏమన్న ఫరక్ ఉంటదా? - ఇర్వింగ్

జవాబు: ఉంటది తమ్ముడూ, కొట్టకు. బయటి నుంచి చూస్తే .223, 5.56 కేసులు కవల పిల్లల్లా ఉంటాయి. కాని 5.56 చాంబర్లో (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) బుల్లెట్ ముందు కొంచెం ఖాళీ జాగా ఎక్కువిస్తారు, ఆ రౌండ్ ప్రెషర్ కూడా ఎక్కువ. ఆ రౌండ్‌ని ఇరుగ్గా ఉండే .223 చాంబర్లో పెడితే ప్రెషర్ ఉండాల్సినదానికంటే పైకి పోద్ది. ఒకటి రెండు పేలితే ఏం కాకపోవచ్చు, ప్రైమర్లు ఊడిరావడం మొదలైనప్పుడు తెలుస్తది. తిరగేస్తే ఇబ్బంది లేదు, 5.56 అని రాసున్న బ్యారెల్లో .223 నిశ్చింతగా వాడొచ్చు. .223 వైల్డ్ అని రాసుంటే రెండూ పోతాయి. పెట్టె మీద ఉన్నదాన్ని, బ్యారెల్ మీద చెక్కి ఉన్నదాన్ని పక్కపక్కన పెట్టి చదువు, దోస్తు మాట కాదు.

.300 బ్లాకౌట్ సంగతైతే ఇంకా ప్రమాదం, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. దాని కేసు .223 కేసునే పొట్టిగా కోసి చేసింది, మ్యాగజైన్ అదే, బోల్ట్ అదే, మారేది బ్యారెల్ ఒక్కటే. కొన్ని రకాల .300 రౌండ్లు .223 చాంబర్లో దూరి బోల్ట్ మూసుకుపోద్ది. ట్రిగ్గర్ నొక్కితే .30 బుల్లెట్ .22 రంధ్రంలో ఇరుక్కుని రైఫిల్ నీ మొహం ముందే పగులుద్ది. రెండు రకాలు ఒకే బల్ల మీద ఎప్పుడూ పెట్టొద్దు. మ్యాగజైన్‌లకి వేరే రంగు టేప్ చుట్టు, వేరే సంచీలో పెట్టు, వీలైతే ఒకరోజు ఒకటే తీసుకెళ్లు.

బ్లాకౌట్ చెడ్డదని కాదు, 110 గ్రెయిన్ రాగి బుల్లెట్ 2300 వేగంతో 100, 150 గజాల్లో పందికి చాలా బాగా పనిచేస్తుంది. కాని చాలామంది దాన్ని చప్పుడు రాదని 220 గ్రెయిన్ సబ్‌సోనిక్ కోసం కొంటారు, అది ధ్వని కంటే నిదానంగా, వెయ్యి అడుగుల చిల్లర వేగంతో పోద్ది. 100 గజాలకి జీరో చేస్తే (ఆ దూరంలో స్కోప్ గురి, బుల్లెట్ తగిలే చోటు కలిసేలా సర్దితే) 200 గజాల దగ్గర దాదాపు మూడడుగులు కింద పడుద్ది. ఆ వేగానికి మామూలు వేట బుల్లెట్ విచ్చుకోదు కూడా, దానికని ప్రత్యేకంగా చేసినవి ఉంటాయి, వాటినే కొనాలి. పోల్చుకోవడానికి చెప్తున్నా, .223 అదే దూరంలో పడేది మూడు అంగుళాలు, అటూ ఇటూగా.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఫ్రెండ్ పొలానికి పందుల వేటకి రమ్మంటున్నాడు, గన్ అతనిదే, టెక్సస్‌లో పందులకి లైసెన్స్ కూడా అక్కర్లేదు కదా అంటున్నాడు. వెళ్లొచ్చా? - ప్లేనో

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో సగమే నిజం, ఆ మిగతా సగం మీ బతుకు మీదకి తెస్తుంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో సొంత పొలంలో, లేదా భూమి ఓనర్ అనుమతితో, అడవి పందిని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు, అది రాష్ట్రం మాట. కాని ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ రౌండ్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకి అందేది ఒకటి, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. అంటే పందికి అక్కర్లేని లైసెన్స్ మీకు అక్కర. ఇదే చాలామందికి తెలీట్లేదు.

రేంజికి వెళ్లి ఫ్రెండ్ గన్ పది నిమిషాలు చేతిలో పట్టుకున్నా అది దగ్గర ఉన్నట్టే లెక్క. కాబట్టి ముందు లైసెన్స్ తీసుకోండి, జేబులో పెట్టుకోండి, టెక్సస్‌ది ఆగస్టు 31కి అయిపోద్ది, రెన్యూ చెయ్యకుండా సెప్టెంబర్‌లో గన్ ముట్టుకోవద్దు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కూడా కావాలి. సిటిజన్ ఫ్రెండ్ మీ డబ్బుతో మీకోసం తన పేరు మీద కొనడం ఇద్దరికీ నేరం, అసలు ఆలోచన కూడా పెట్టుకోవద్దు. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఈ వీసా నిషేధం లేదు, వాళ్లు షాపులో ఇచ్చే ఫెడరల్ 4473 ఫారం నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక కొనుక్కోవచ్చు. గన్ కేసులో శిక్ష పడితే డిపోర్టేషన్ దాకా పోద్ది, అందుకని కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక ఫోన్ చెయ్యండి.

రాష్ట్రం మారితే రూల్స్ మారతాయి, అది అందరికీ చెప్తున్నా. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలో సీసం బుల్లెట్లే వాడకూడదు, రాగి లాంటి సీసం లేనివే. పెన్సిల్వేనియాలో జింక వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనికిరాదు. ఇల్లినాయి, వాషింగ్టన్ లాంటి చోట్ల 2023 నుంచి ఏఆర్-15 అమ్మకమే ఆపేశారు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో రైఫిల్ కొన్నాడు. ఇక్కడ మాకు మొక్కజొన్నలో పందుల బాధ చాలా ఉంది. ఇండియాకి తెచ్చుకోడానికి వీలుంటుందా బాబూ? - నిజామాబాద్

జవాబు: కుదరదండీ, ప్రయత్నం కూడా వద్దు. మన దగ్గర ఆయుధాల చట్టం 1959 కింద సెమీ ఆటోమేటిక్ సెంటర్‌ఫైర్ (కేసు అడుగు మధ్యలో పిన్ను కొడితే పేలే రౌండ్ వాడే) రైఫిల్ మామూలు రైతుకి లైసెన్స్ మీద దొరికేది కాదు. లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర మీరు చూసేది ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 లాంటి బోల్ట్ యాక్షన్. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పందిని అధికారిక అనుమతి లేకుండా కొట్టకూడదు, పంట నష్టం గురించి ముందు అటవీ శాఖకే దరఖాస్తు పెట్టండి. ఊళ్లో ఎవరైనా నాటు తుపాకీ ఇస్తానన్నా, తీగకి కరెంటు పెడదామన్నా ఒప్పుకోకండి, ఆ కరెంటు తీగలకి మనుషులే పోతున్నారు.

మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి. ఇండియా వచ్చేటప్పుడు రేంజికి తీసుకెళ్లే సంచీ సర్దుకుని రావద్దు. దాని అడుగున మడతలో ఒక్క .22 రౌండ్ మిగిలినా హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్‌కి కనపడుద్ది, కేసు అవుద్ది, మర్చిపోయానంటే అక్కడికక్కడ వదిలెయ్యరు.

ప్రశ్న: ఆర్నెల్ల క్రితం ఏఆర్-15 కొన్నాను, 16 అంగుళాల బ్యారెల్, 1:8 ట్విస్ట్. 100 గజాల్లో నాలుగు అంగుళాలు చెదురుతోంది. దగ్గర నుంచి కొడితే కిందికి పోతోంది. రైఫిల్ వెనక్కి ఇచ్చెయ్యమంటారా? - హ్యూస్టన్

జవాబు: వద్దు. మీరు ఏ రౌండ్లు వాడారో రాయలేదు కాని, పెద్ద డబ్బాలో చవగ్గా వచ్చే 55 గ్రెయిన్ ఎఫ్‌ఎంజే అయ్యుంటుంది, దాంతో మూడు నాలుగు అంగుళాలు రావడం మామూలే. 1:8 అంటే బ్యారెల్ లోపలి గాడులు ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతాయి. పొడుగ్గా బరువుగా ఉండే బుల్లెట్ నిలకడగా పోవాలంటే చుట్టు తొందరగా తిరగాలి. మీ బ్యారెల్ 55 నుంచి 77 గ్రెయిన్ దాకా పట్టుద్ది, పాతకాలం 1:12 అయితే 55 దగ్గరే ఆగిపోయేది. కాబట్టి నాలుగు రకాల వేట రౌండ్లు ఒక్కో పెట్టె కొనండి, 55, 62, 64 ఇలా. ఒక్కో రకం అయిదేసి రౌండ్లు మూడు కాగితాల మీద, ఇసక సంచీ మీద రైఫిల్ ఆనించి, మధ్యలో బ్యారెల్ చల్లారనిచ్చి కొట్టండి. ప్రతి బ్యారెల్‌కీ ఒక ఇష్టం ఉంటుంది, నా దాంట్లో 55 ఎఫ్‌ఎంజే మూడున్నర అంగుళాలు పరుచుకుంటే 69 అదే మధ్యాహ్నం, అదే సంచీ మీద అంగుళంపావు వచ్చింది. ఇష్టమైనది తేలాక అదే రకం అయిదారు పెట్టెలు కొని జీరో దాంతోనే చేసుకోండి. రకం మారిస్తే జీరో మారుద్ది, ప్రాక్టీస్ రౌండ్‌తో జీరో చేసి వేట రౌండ్‌తో పొలానికెళ్లే తప్పు చెయ్యొద్దు.

దగ్గర్లో కిందికి పోవడం రైఫిల్ తప్పు కాదు. ఏఆర్ మీద స్కోప్ బ్యారెల్ కంటే రెండున్నర అంగుళాలు పైనుంటుంది. 100 గజాలకి జీరో చేస్తే 25 గజాల దగ్గర బుల్లెట్ ఇంకా మీ చూపు గీత దాకా పైకి ఎక్కలేదు, ఒకటిన్నర రెండు అంగుళాలు కింద తగుల్తుంది. దగ్గరి పందికి అంత పైకి పెట్టుకోండి. పంది గుండె జింకకంటే కిందికీ ముందుకీ ఉంటుంది, ముందు కాళ్ల మధ్య. పక్కకి తిరిగి నిలబడితే ముందు కాలు వెంట పైకి చూపు తీసుకొచ్చి ఒంట్లో మూడో వంతు దగ్గర ఆపాలి. జింకకి చూసినట్టు భుజం వెనక చూస్తే పొట్టలో తగులుద్ది.

ప్రశ్న: మావారు ఏఆర్-15 కొంటానంటున్నారు. ఇంట్లో ఆరేళ్ల బాబు, పదకొండేళ్ల పాప. నాకు భయంగా ఉంది. కొననివ్వాలా వద్దా మీరే చెప్పండి. - కేటీ

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది, అది పోగొట్టుకోమని చెప్పను. కొనాలా వద్దా అన్నది మీ ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది, కాని ముందు సేఫ్ కొనాలి, రైఫిల్ తర్వాత. నేలకి బోల్టులేసి బిగించిన స్టీలు సేఫ్, కోడ్ మీ ఇద్దరికే తెలియాలి, పుట్టినరోజు తేదీలు పెట్టొద్దు, పిల్లలు ముందు అవే నొక్కుతారు. రౌండ్లు వేరే తాళంలో. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే పెద్దవాళ్ల మీద కేసు పెడతారు, కాని మనకి భయం కేసుది కాదు కదా. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేక చీకట్లో ఉన్న రోజులైతే, అప్పుడు ఇంట్లో గన్ అసలు ఉండకూడదు, ఉన్నది కూడా బయట పెట్టించండి.

చప్పుడు గురించి కూడా మీవారికి చెప్పండి. ఈ రైఫిల్ దగ్గర 160 డెసిబెల్స్ దాకా వస్తుంది, 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి లోపల దెబ్బతినొచ్చు, ఆ పోయిన వినికిడి తిరిగి రాదు. చెవిలో ప్లగ్, పైన మఫ్ (చెవి మొత్తం మూసే తొడుగు), రెండూ పెట్టాలి. పాప రేంజికి వస్తానంటే మఫ్ తన తలకి సరిపోయేది విడిగా కొనండి, నాన్న మఫ్ పెడితే కింద సందు ఉంటుంది. రేంజి నుంచి రాగానే సబ్బుతో చన్నీళ్లతో చేతులు కడుక్కుని, ఆ చొక్కా విడిగా ఉతికి, అప్పుడు బాబుని ఎత్తుకోమనండి, సీసం దుమ్ము బట్టలకి అంటుకుని వస్తుంది. అలాగే పంది మాంసం వండుకునేవాళ్లయితే సీసం బుల్లెట్ తగిలిన చుట్టూ జానెడు మేర కోసి పారెయ్యాలి, కంటికి కనపడని రవ్వలు అంత దూరం పోతాయి. పిల్లలున్న ఇల్లు కాబట్టి మీవారిని మొత్తం రాగితో చేసిన బుల్లెట్లే కొనమనండి, పెట్టెకి కొన్ని డాలర్లు ఎక్కువైనా సరే.